యూఎస్‌బీ నుంచి 3.3 వోల్టులు: వైఫై ఆన్ కాగానే బోర్డు ఎందుకు రీసెట్ అవుతోంది?

ప్రశ్న: యూఎస్‌బీ పోర్ట్ నుంచి కరెంటు తీసుకుని ఒక ఈఎస్‌పీ32 మాడ్యూల్ (వైఫై ఉన్న మైక్రోకంట్రోలర్), ఒక థర్మిస్టర్ (వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే సెన్సార్), చిన్న ఓఎల్‌ఈడీ డిస్‌ప్లే నడిపే సర్క్యూట్ బ్రెడ్‌బోర్డ్ మీద కట్టాను. 5 వోల్టులను 3.3కి దించడానికి మొదట రెండు రెసిస్టర్లు పెడితే మాడ్యూల్ అసలు ఆన్ కాలేదు. తర్వాత ఏఎంఎస్1117 అనే 3.3 వోల్టుల రెగ్యులేటర్ పెట్టాను. ఇప్పుడు ఆన్ అవుతోంది కానీ వైఫైకి కనెక్ట్ అయ్యే సమయంలో రీసెట్ అయిపోతోంది. ల్యాప్‌టాప్‌కి పెడితే ఎక్కువగా, ఫోన్ ఛార్జర్‌కి పెడితే తక్కువగా. పైగా ల్యాప్‌టాప్ నుంచి ఛార్జర్‌కి మార్చగానే ఉష్ణోగ్రత రీడింగ్ కూడా మారిపోతోంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే 3.3 కరెక్ట్‌గానే ఉంది. నేను ఏ రెగ్యులేటర్ వాడాలి సార్? ల్యాప్‌టాప్ పోర్ట్ కాలిపోతుందేమో అని కూడా టెన్షన్‌గా ఉంది.

జవాబు: రెగ్యులేటర్ పేరు ఒకటి చెప్పేస్తే పని అయిపోతుందని మీరు అనుకుంటున్నారు. చెప్తాను, కానీ దానికి ముందు రెండు అంకెలు తేల్చుకోవాలి. మీ రెగ్యులేటర్ ఇన్‌పుట్ కాలు దగ్గరికి అతి తక్కువగా ఎన్ని వోల్టులు వస్తున్నాయి, మీ సర్క్యూట్ ఒక్క క్షణమైనా సరే అతి ఎక్కువగా ఎంత కరెంటు లాగుతోంది. ఈ రెండూ చేతిలో ఉంటే రెగ్యులేటర్ ఎంచుకోవడం ఐదు నిమిషాల పని, లేకపోతే ఒకదాని తర్వాత ఒకటి మారుస్తూ పోవడమే.

ముందు వోల్టుల సంగతి. యూఎస్‌బీ అంటే 5 వోల్టులు అని అందరం అంటాం కానీ యూఎస్‌బీ 2.0 నిబంధన ప్రకారం మామూలు కంప్యూటర్ పోర్ట్ దగ్గర 4.75 నుంచి 5.25 మధ్య ఎంతున్నా అది సరైన పోర్టే. విడిగా పవర్ లేని హబ్ అయితే 4.4కి పడిపోయినా నిబంధన ఒప్పుకుంటుంది. టైప్-సీ వచ్చాక పై హద్దు 5.5 దాకా పెరిగింది. ఇదంతా పోర్ట్ దగ్గరి లెక్క, మీ బోర్డు దగ్గరికి వచ్చేసరికి కేబుల్ తన వాటా తినేస్తుంది. సన్న కేబుళ్లలో పవర్ తీగలు కూడా 28 గేజివే ఉంటాయి. ఆ తీగ మీటరుకి సుమారు 0.21 ఓములు, కరెంటు వెళ్లడానికి ఒకటి, తిరిగి రావడానికి ఒకటి కాబట్టి 2 మీటర్ల కేబుల్‌లో మొత్తం 0.85 ఓములు. దాంట్లోంచి 300 మిల్లీయాంపులు లాగితే పావు వోల్టు కేబుల్‌లోనే పోయింది. ఆపైన కనెక్టర్లు, బ్రెడ్‌బోర్డ్ పట్టులు, జంపర్ తీగలు. 4.75తో బయలుదేరిన పోర్ట్ మీ రెగ్యులేటర్ దగ్గరికి 4.4గా చేరినా ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు ఏఎంఎస్1117 డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) తీయండి. అందులో డ్రాపౌట్ అనే లైన్ ఉంటుంది, అంటే అవుట్‌పుట్ కంటే ఇన్‌పుట్ కనీసం ఎంత ఎక్కువ ఉండాలి అని. దీనికి అది మామూలుగా 1.1 వోల్టులు, నిండు లోడ్ మీద 1.3 దాకా. 3.3కి 1.1 కలిపితే 4.4, 1.3 కలిపితే 4.6. మీ దగ్గర ఉన్నదే 4.4! అంచు మీద నడుస్తోంది మీ సర్క్యూట్. ఇన్‌పుట్ ఆ అంచు దాటి కిందికి దిగితే రెగ్యులేటర్ ఆగిపోదు, కాలిపోదు, ఇన్‌పుట్‌తో పాటే అవుట్‌పుట్‌ను కిందికి దించేస్తుంది, అంతే. రెగ్యులేట్ చేయడం మానేసిందని మీకు ఎవరూ చెప్పరు. ఫోన్ ఛార్జర్‌తో రీసెట్లు తక్కువ ఎందుకంటే, కేబుల్‌లో పోయేదాన్ని ముందే ఊహించి చాలా ఛార్జర్లను 5కి కొంచెం పైన, 5.1, 5.2 దగ్గర సెట్ చేస్తారు. మీరు చెప్పిన లక్షణానికి ఇది సరిగ్గా సరిపోతోంది.

ఇక కరెంటు. ఈఎస్‌పీ32 వైఫైలో ప్రసారం చేసే క్షణాల్లో 240 మిల్లీయాంపుల దాకా లాగుతుందని దాని డేటాషీటే చెబుతుంది, సప్లై మాత్రం 500 మిల్లీయాంపులకు తగ్గకుండా ఇవ్వగలిగేది పెట్టమంటుంది. మిగతా సమయంలో చాలా తక్కువ. అంటే ఇది సాఫీగా సాగే లోడ్ కాదు, ఒక్కసారిగా ఎగిరి పడే లోడ్. ఆ ఎగిరే క్షణంలో మాడ్యూల్ కాళ్ల దగ్గర వోల్టేజి దిగిపోతుంది, 3.0 కిందికి వెళ్తే అది డేటాషీట్ హద్దు దాటినట్టే, ఇంకా దిగితే లోపల ఉన్న బ్రౌనౌట్ డిటెక్టర్ రీసెట్ కొట్టేస్తుంది. బోర్డు పంపే సందేశాలు కంప్యూటర్‌లో చూపించే సీరియల్ మానిటర్ తెరిచి చూడండి, "బ్రౌనౌట్ డిటెక్టర్ వాజ్ ట్రిగర్డ్" అనే లైన్ కనిపిస్తే ఇక కోడ్‌లో తప్పు వెతకక్కర్లేదు. కొందరు ఆ డిటెక్టర్‌ను కోడ్‌లో ఆపేసి సమస్య తీరిందంటారు. అది చేయకండి, ఆ తర్వాత రీసెట్ బదులు బోర్డు పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తుంది, ఫ్లాష్‌లో రాసే డేటా పాడయ్యే ప్రమాదం కూడా ఉంది.

మరి మల్టీమీటర్ 3.3 ఎందుకు చూపించింది? మీటర్ సెకనుకు కొన్ని కొలతలు మాత్రమే తీసి చూపిస్తుంది, మీ దిగుడు మిల్లీసెకన్లలో వచ్చి పోతుంది. ఆసిలోస్కోప్ ఉంటే ఒక్క చూపులో తేలిపోతుంది. లేకపోతే వైఫైని పూర్తిగా ఆపేసిన కోడ్ ఎక్కించి చాలాసేపు వదిలేయండి. ఒక్క రీసెట్ కూడా రాకపోతే అనుమానం దాదాపు మొత్తం పవర్ వైపే.

కాబట్టి చేయాల్సిన మొదటి పని రెగ్యులేటర్ మార్చడం కాదు, కేబుల్ మార్చడం. పొట్టిది, లావు తీగలున్నది. ఖర్చు లేని పరీక్ష ఇది. రెండోది కెపాసిటర్. మీరు ఏఎంఎస్1117కి ఏ కెపాసిటర్లు పెట్టారో రాయలేదు, అసలు పెట్టారో లేదో కూడా రాయలేదు. దాని డేటాషీట్ అవుట్‌పుట్ వైపు 22 మైక్రోఫారడ్ టాంటలం అడుగుతుంది, అలంకారానికి కాదు, ఈ పాతరకం రెగ్యులేటర్ స్థిరంగా ఉండాలంటే ఆ కెపాసిటర్‌లో కొంచెం రెసిస్టెన్స్ ఉండాలి కాబట్టి. సిరామిక్ కెపాసిటర్ ఒక్కటే పెడితే ఆ రెసిస్టెన్స్ మరీ తక్కువై రెగ్యులేటర్ తనంతట తాను ఊగడం మొదలుపెట్టవచ్చు, అప్పుడు కూడా మీ మీటర్ సగటు తీసి 3.3 అనే చూపిస్తుంది. మాడ్యూల్ పవర్ కాళ్లకు వీలైనంత దగ్గరగా ఒక 0.1 మైక్రోఫారడ్ సిరామిక్, దాని పక్కనే 100 మైక్రోఫారడ్ ఎలెక్ట్రోలైటిక్ పెట్టండి. దగ్గరగా అంటే నిజంగా దగ్గరగా, బ్రెడ్‌బోర్డ్ అవతలి చివర పెట్టి మధ్యలో పొడుగు జంపర్ తీగ వేస్తే అది ఉన్నా లేనట్టే.

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా. కెపాసిటర్ పని చేస్తోంది కదా అని యూఎస్‌బీ ఇన్‌పుట్ వైపు 1000 మైక్రోఫారడ్లది తగిలించకండి. ప్లగ్ పెట్టిన క్షణంలో ఖాళీ కెపాసిటర్ షార్ట్ లాగే కరెంటు లాగుతుంది, అందుకే పరికరం ఇన్‌పుట్ దగ్గర 1 నుంచి 10 మైక్రోఫారడ్ల మధ్యే ఉండాలని యూఎస్‌బీ నిబంధన, అంతకంటే ఎక్కువ కావాలంటే కరెంటును మెల్లగా వదిలే ఏర్పాటు ఉండాలి. ఇన్‌పుట్‌కి 4.7 లేదా 10 చాలు. పెద్దది అవుట్‌పుట్ వైపే ఉండనివ్వండి, అక్కడ రెగ్యులేటర్ కరెంటును కొంతవరకు అదుపు చేస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా ఏఎంఎస్1117తో అంచు మీద నడవాల్సిందే కాబట్టి చివరికి దాన్ని మార్చమనే చెప్తాను. మీ అవసరానికి ఏపీ2112కే-3.3 సరిపోతుంది. 600 మిల్లీయాంపులు ఇస్తుంది, నిండు లోడ్ మీద కూడా డ్రాపౌట్ మామూలుగా పావు వోల్టే, సిరామిక్ కెపాసిటర్‌తో హాయిగా ఉంటుంది. అంటే ఇన్‌పుట్ 3.7 ఉన్నా 3.3 ఇవ్వగలదు. పాత లెక్కతో పోల్చి చూడండి, అంచు నుంచి ఎంత దూరం జరిగామో. ఒకటే షరతు, ఇన్‌పుట్ 6 వోల్టులు దాటకూడదు, యూఎస్‌బీకి మాత్రమే పనికొస్తుంది, రేపు 9 వోల్టుల అడాప్టర్ తగిలించారంటే పోయినట్టే. పైగా ఇది చాలా చిన్న ప్యాకేజీ, బ్రెడ్‌బోర్డ్‌కి నేరుగా ఎక్కదు, అడాప్టర్ బోర్డు మీద సోల్డర్ చేసుకోవాలి. ఎంసీపీ1700 మూడు కాళ్లతో బ్రెడ్‌బోర్డ్‌కి చక్కగా ఎక్కుతుంది, తనకోసం తినేది 1.6 మైక్రోయాంపులు మాత్రమే, నాకు చాలా ఇష్టమైన భాగం, కానీ 250 మిల్లీయాంపులే ఇస్తుంది. మీ మాడ్యూల్ 240, డిస్‌ప్లే ఓ 20, లెక్క దాటిపోయింది. వైఫై లేని సెన్సార్ సర్క్యూట్ కట్టినప్పుడు దాన్ని గుర్తుపెట్టుకోండి.

వేడి గురించి ఎక్కువ ఆలోచించకండి. లీనియర్ రెగ్యులేటర్ మిగులు వోల్టేజిని వేడిగా వదిలేస్తుంది, 1.7 వోల్టులను సగటు కరెంటుతో గుణిస్తే చాలు. సగటున 100 మిల్లీయాంపులైతే 0.17 వాట్లు, గోరువెచ్చగా ఉంటుంది. నిరంతరం 500 లాగే సర్క్యూట్ అయితే 0.85 వాట్లు, అప్పుడు చిన్న ప్యాకేజీకి కష్టం.

మీ రెసిస్టర్ల ప్రయోగం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ పని దాదాపు ప్రతి ఒక్కరూ చేస్తారు. 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్ పెడితే మధ్యలో 3.33 వోల్టులు వస్తాయి, మీటర్ కూడా అదే చూపిస్తుంది, అంతా బాగానే ఉన్నట్టుంటుంది. కానీ ఆ పై రెసిస్టర్ గుండా ఏం చేసినా 5 మిల్లీయాంపులకు మించి రాదు, మాడ్యూల్‌కి పదుల్లో కావాలి. సరే అని విలువలు తగ్గించి 10, 20 ఓములు పెట్టారనుకోండి, ఏ లోడూ లేకుండానే 167 మిల్లీయాంపులు వృథాగా పారుతుంటాయి, అయినా 240 లాగగానే వోల్టేజి 1.7కి కూలిపోతుంది. రెసిస్టర్ల జత ఉన్నది సిగ్నల్‌ను దించడానికి, 5 వోల్టుల సీరియల్ లైన్‌ను 3.3 పిన్‌కి ఇవ్వాలంటే అది భేషుగ్గా పనికొస్తుంది. పవర్‌కి పనికిరాదు. రెండు డయోడ్లు వరుసగా పెట్టి దించమనే సలహా కూడా మీకు ఎవరో ఒకరు ఇస్తారు. లోడ్ ఉన్నప్పుడు ఒక్కో డయోడ్ 0.7 దాకా తింటుంది సరే, మాడ్యూల్ నిద్రలోకి వెళ్లి కరెంటు మైక్రోయాంపులకు పడిపోతే డయోడ్ తినేది కూడా బాగా తగ్గిపోతుంది, అప్పుడు 3.6 మించకూడని చిప్ మీద 4కి పైగా వోల్టులు పడతాయి. వద్దు.

ఇక రీడింగ్ మారిపోవడం. మీరు రాయలేదు గానీ థర్మిస్టర్ పై కాలును 5 వోల్టుల లైన్‌కే కలిపి ఉంటారని నా అనుమానం. అది నిజమైతే మీ థర్మామీటర్ ఉష్ణోగ్రతతో పాటు ఛార్జర్‌ను కూడా కొలుస్తోంది. 10 కిలో ఓమ్ థర్మిస్టర్, దాని కింద 10 కిలో ఓమ్ రెసిస్టర్ అనుకుందాం. గది 25 డిగ్రీలుంటే మధ్య పాయింట్ దగ్గర సప్లైలో సగం ఉంటుంది: సప్లై 4.7 అయితే 2.35, 5.2 అయితే 2.6. మీ కోడ్ మాత్రం సప్లై ఖచ్చితంగా 5 అని నమ్మి లెక్క వేస్తుంది. బీ విలువ (వేడితో రెసిస్టెన్స్ ఎంతగా మారుతుందో చెప్పే అంకె) 3950 ఉన్న మామూలు థర్మిస్టర్‌కి ఆ తేడా 4 డిగ్రీలు దాటుతుంది, గదిలో ఏమీ మారకుండానే! పైగా అదే అమరికలో ఉష్ణోగ్రత 40 దాటేసరికి మధ్య పాయింట్ 3.3 వోల్టులను మించిపోతుంది, ఈఎస్‌పీ32 పిన్‌కి అది మంచిది కాదు.

పరిష్కారం సులువు. థర్మిస్టర్ పై కాలును రెగ్యులేటర్ నుంచి వచ్చే 3.3కి మార్చండి, కోడ్‌లో 5 ఉన్నచోట 3.3 రాయండి. యూఎస్‌బీ పైకీ కిందికీ ఊగినా ఇక థర్మిస్టర్‌కి సంబంధం ఉండదు. నిజానికి మీ మొత్తం సర్క్యూట్‌లో స్థిరమైన వోల్టేజి అన్నిటికంటే అవసరమైన చోటు ఇదే. మాడ్యూల్‌కి 3.2 అయినా 3.4 అయినా ఒకటే. ఇంకా రెండు చిన్న విషయాలు. ఈఎస్‌పీ32లో వైఫై నడుస్తున్నప్పుడు ఏడీసీ2 (ఏడీసీ అంటే వోల్టేజిని అంకెగా మార్చే భాగం) పిన్‌లు పనిచేయవు, 32 నుంచి 39 మధ్య ఉన్న ఏడీసీ1 పిన్‌లే వాడండి. దాని ఏడీసీ పై అంచుల్లో సరిగ్గా కొలవదు, సుమారు 2.4 వోల్టుల లోపల ఉండేలా రెసిస్టర్ విలువ ఎంచుకుంటే మేలు. వైఫై ప్రసారం వల్ల వచ్చే గందరగోళానికి ఓ ముప్పై రీడింగులు తీసి సగటు వేయండి.

పోర్ట్ కాలిపోతుందన్న భయం సగం తీసేయవచ్చు. కంప్యూటర్ పోర్ట్‌కి అధిక కరెంటు నుంచి రక్షణ ఉండాలన్నది నిబంధన, ఎక్కువ లాగితే పోర్ట్ ఆఫ్ అవుతుంది, మళ్లీ పెడితేనో రీస్టార్ట్ చేస్తేనో వస్తుంది. కాగితం మీద చూస్తే, డేటా తీగలతో కంప్యూటర్‌ను అడగని పరికరానికి యూఎస్‌బీ 2.0 పోర్ట్ 100 మిల్లీయాంపులే బాకీ, అడిగి ఒప్పించుకుంటే 500. ఆచరణలో చాలా పోర్టులు అడగకుండానే 500 ఇచ్చేస్తాయి, మీరు కూడా దాని మీదే బతుకుతున్నారు. ఇంకా ధైర్యం కావాలంటే 500 మిల్లీయాంపుల పాలీఫ్యూజ్ (తనంతట తానే మళ్లీ కుదురుకునే ఫ్యూజ్) ఒకటి ఇన్‌పుట్‌లో వేసుకోండి, కాకపోతే దానికీ కొంత రెసిస్టెన్స్ ఉంటుంది కాబట్టి దాని వాటా వోల్టేజిని పై లెక్కలో కలపండి.

మిగతా సగం భయం మాత్రం ఉంచుకోండి, అది వేరే కారణానికి. మీ బోర్డుకి యూఎస్‌బీ పెట్టి, అదే 5 వోల్టుల లైన్‌కి ఇంకో అడాప్టర్ కూడా తగిలిస్తే కరెంటు వెనక్కి, ల్యాప్‌టాప్‌లోకి పోయే దారి ఏర్పడుతుంది. పోర్టులను నిజంగా పాడుచేసేది ఇలాంటి పనే. రెండు సప్లైలు వాడే ఆలోచన ఉంటే ఒక్కో దారిలో కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే 1ఎన్5817 లాంటి షాట్కీ డయోడ్ వేయండి. అది 0.3 వోల్టులకు పైగా తింటుంది: 4.4 కాస్తా 4.1 అవుతుంది. ఏపీ2112కి ఇది లెక్క కాదు, ఏఎంఎస్1117 అయితే ఇక్కడితో పని అయిపోయింది.

మీ బోర్డుకి టైప్-సీ సాకెట్ పెట్టుకుంటే ఒక మాట. రెండు వైపులా టైప్-సీ ఉన్న కేబుల్ పెట్టినప్పుడు అవతలి ఛార్జర్, ఇక్కడ ఒక పరికరం ఉందని తెలిసేదాకా 5 వోల్టులు కూడా ఇవ్వదు. సాకెట్‌లో పరికరాన్ని గుర్తించడానికి ఉండే పిన్‌లు సీసీ1, సీసీ2. సీసీ1 నుంచి గ్రౌండ్‌కి ఒకటి, సీసీ2 నుంచి గ్రౌండ్‌కి ఒకటి, 5.1 కిలో ఓమ్ రెసిస్టర్లు విడివిడిగా రెండు వేయాలి. రెండు పిన్‌లూ కలిపేసి ఒకే రెసిస్టర్‌తో సరిపెట్టకండి, 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 మొదటి బోర్డులు సరిగ్గా ఆ కారణంతోనే కొన్ని కేబుళ్లతో ఆన్ కాలేదు. టైప్-సీ ఛార్జర్ 20 వోల్టులు పంపి బోర్డును కాల్చేస్తుందని కొందరు భయపడతారు, ఆ రెండు రెసిస్టర్లు మాత్రమే ఉంటే 5 వోల్టులే వస్తాయి, అంతకు మించి కావాలంటే పరికరం వైపు నుంచి ప్రత్యేకంగా అడగాలి.

బక్ కన్వర్టర్ (వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వోల్టేజి దించేది) మాడ్యూల్ పెట్టమని కూడా మీకు చెప్పేవాళ్లుంటారు, లీనియర్ రెగ్యులేటర్ 34 శాతం వృథా చేస్తుంది కదా అని. లెక్క నిజమే, కానీ సగటున 80 మిల్లీయాంపులు తినే సర్క్యూట్‌లో మిగిలేది 0.1 వాటు. గోడకు పెట్టిన ఛార్జర్‌తో నడిచే బోర్డులో అంత చిన్న మొత్తం కోసం స్విచింగ్ రొదను థర్మిస్టర్ పక్కన కూర్చోబెట్టుకోవడం నాకు నచ్చదు. అందులోనూ చిన్న స్క్రూతో వోల్టేజి సెట్ చేసే మాడ్యూళ్లు అసలు వద్దు, ఆ ప్రీసెట్ పట్టు ఒక్క క్షణం తప్పితే అవుట్‌పుట్ ఎక్కడికి పోతుందో మీ చేతిలో ఉండదు. పవర్ బ్యాంక్ మీద రోజుల తరబడి నడపాలంటే మాత్రం బక్ ఆలోచించవచ్చు, అప్పుడు ఇంకో చిక్కు వస్తుంది: కరెంటు మరీ తక్కువైతే చాలా పవర్ బ్యాంకులు ఏమీ తగిలించలేదనుకుని తమంతట తామే ఆఫ్ అయిపోతాయి.

ఇప్పుడు వరుస ఇది. పొట్టి కేబుల్, మాడ్యూల్ కాళ్ల దగ్గర రెండు కెపాసిటర్లు, థర్మిస్టర్ 3.3కి, అప్పుడు పరీక్ష. రీసెట్లు తగ్గి పూర్తిగా పోకపోతే ఏపీ2112. అప్పటికీ ఆగకపోతే వైఫై నడుస్తుండగా రెగ్యులేటర్ ఇన్‌పుట్ దగ్గర ఒకసారి, మాడ్యూల్ కాళ్ల దగ్గర ఒకసారి వోల్టేజి కొలిచి, సీరియల్ మానిటర్‌లో వచ్చిన రీసెట్ కారణంతో కలిపి రాసి పంపండి. మీటర్ నల్ల తీగను మాత్రం ల్యాప్‌టాప్ వైపు గ్రౌండ్‌కి కాకుండా మాడ్యూల్ గ్రౌండ్ కాలికే పెట్టి కొలవండి, లేకపోతే తిరుగు తీగలో పోయిన వోల్టేజి మీ కొలతలో కనిపించదు.